తప్పిపోయిన బిడ్డ కోసం: అమ్మానాన్నలకు తెలిసింది, డిటెక్టివ్‌కు తెలిసింది

1995 డిసెంబరులో బెల్జియంలోని షార్లెరువా నగర శివారు మార్సినెల్‌లో పోలీసులు ఒక ఇంటిని సోదా చేశారు. ఆ ఇల్లు మార్క్ దుత్రూ అనే పాత నేరస్తుడిది. కాగితాల మీద ఆ సోదా వేరే కేసుకు సంబంధించినది. నేలమాళిగలోకి దిగిన అధికారికి, తాళాలు తీయడానికి వెంట వచ్చిన మనిషికి పిల్లల గొంతులు వినిపించాయి. అందరినీ మాట్లాడకుండా ఉండమన్నాడు అధికారి. గొంతులు ఆగిపోయాయి. బయట వీధిలో ఆడుకుంటున్న పిల్లలవి అయి ఉంటాయనుకుని వెళ్లిపోయాడు. అప్పటికి ఆరు నెలల క్రితం లియేజ్ దగ్గర కనిపించకుండా పోయిన ఇద్దరు ఎనిమిదేళ్ల ఆడపిల్లలు ఆ గోడ వెనకే ఉన్నారు. 1996 ఆగస్టులో వాళ్ల మృతదేహాలు దొరికాయి.

ఆ గొంతులు వింటే చప్పున గుర్తుపట్టే మనుషులు ఉన్నారు. ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు. వాళ్లు మొత్తం దర్యాప్తుకే బయట ఉండిపోయారు. సోదాలకు తల్లిదండ్రులను వెంటబెట్టుకెళ్లాలని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ ఆ అధికారి ఆ పిల్లల గొంతును అంతకుముందు ఒక్కసారైనా, ఏ పుట్టినరోజు వీడియోలోనో విని ఉంటే, వీధిలో పిల్లలేలే అనుకుని మెట్లెక్కేసేవాడా? ఈ ప్రశ్నకు జవాబు లేదు. తప్పిపోయిన పిల్లల వెతుకులాట గురించి ఆలోచించేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం మాత్రం కుదరదు.

బిడ్డ కనబడకుండా పోయినప్పుడు ఇద్దరు మనుషులు వెతకడం మొదలుపెడతారు. ఒకరికి ఆ బిడ్డ గురించి అంతా తెలుసు, నేరాల గురించి ఏమీ తెలియదు. రెండోవారికి ఇలాంటి కేసులు ఎలా నడుస్తాయో తెలుసు, ఈ బిడ్డ గురించి ఏమీ తెలియదు. ఒకరి దగ్గర ఉన్నది రెండోవారికి చేరేదాకా వెతుకులాట సగమే. బాగా చర్చకు వచ్చిన కేసులను వరసగా చూస్తే, పని చెడిపోయింది చాలావరకు ఈ ఇద్దరి మధ్య అతుకు దగ్గరే.

మొదటి గంటల్లో

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం పిల్లలను ఎత్తుకెళ్లి చంపిన వందలాది కేసులను పరిశీలించి 1997లో ఒక అధ్యయనాన్ని, 2006లో దాని కొనసాగింపును వెలువరించింది. అలా చనిపోయిన పిల్లల్లో దాదాపు ముప్పావు వంతు మంది ఎత్తుకెళ్లిన మూడు గంటల్లోపే ప్రాణాలు పోగొట్టుకున్నారని అందులో తేలింది. దానికన్నా కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. బిడ్డ కనబడటం లేదని ఇంట్లోవాళ్లకు తెలియడానికీ, పోలీసులకు చెప్పడానికీ మధ్య సగానికి పైగా కేసుల్లో రెండు గంటలు దాటిపోయింది.

ఈ అంకెలు చూసి ప్రతి ఆలస్యాన్నీ కిడ్నాప్ అనుకోనక్కర్లేదు. తప్పిపోయారని ఫిర్యాదు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ఇంటి నుంచి అలిగి వెళ్లినవాళ్లు, దారి తప్పినవాళ్లు, విడిపోయిన భార్యాభర్తల గొడవలో ఒకరు తీసుకెళ్లినవాళ్లు, లేదా ఎక్కడ ఉన్నారో చెప్పడం మరిచినవాళ్లు. ముక్కూ మొహం తెలియనివాళ్లు, లేదా కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్లు ఎత్తుకెళ్లి దాచేసే తీవ్రమైన కిడ్నాపులు అమెరికా అంతటిలో 1999లో సుమారు 115, 2011లో సుమారు 105 అని ప్రభుత్వ అధ్యయనాలు లెక్కగట్టాయి. అంత పెద్ద దేశానికి అది చిన్న అంకె. అయినా తొందరపడాల్సిందే. ఎందుకంటే మొదటి గంటలో ఏది ఏ రకం కేసో ఎవరికీ తెలియదు. పక్కింట్లో బొమ్మలాడుకుంటున్న పాపా, కారు డిక్కీలో ఉన్న పాపా ఆ గంటలో ఒకేలా ‘కనబడటం లేదు’.

మరి తల్లిదండ్రులు ఎందుకు ఆలస్యం చేస్తారు? ప్రేమ తక్కువై కాదు. పోలీసులకు ఫోన్ చేయడమంటే బిడ్డకు ఏదో అయిందని ఒప్పుకున్నట్టు. చేయనంతసేపూ వచ్చేస్తుందిలే అన్న ఆశ మిగిలి ఉంటుంది. పైగా నలుగురూ ఏమనుకుంటారో, అంతా హడావిడి చేశాక బిడ్డ పక్కవీధి నుంచి నవ్వుతూ వస్తే ఎంత నగుబాటో అన్న బిడియం. ‘బిడ్డను కూడా చూసుకోలేకపోయారా’ అన్న మాట పడాల్సి వస్తుందన్న భయం. బల్లకు అవతల కూర్చున్న పోలీసు కూడా చాలాకాలం ఈ ఆలస్యాన్ని పెంచాడే గానీ తగ్గించలేదు. ‘ఒకరోజు చూడండి, రాకపోతే అప్పుడు రండి’ అనే మాట ఎన్నో దేశాల స్టేషన్లలో అలవాటుగా వినిపించేది. అమెరికాలో 1990లో వచ్చిన చట్టం పిల్లల కేసుల్లో ఇలా ఆగమనడాన్ని నిషేధించింది. 2013లో భారత సుప్రీంకోర్టు, పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదునూ ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా అయి ఉండవచ్చన్న అనుమానంతోనే మొదలుపెట్టాలని చెప్పింది. రూల్ మారింది కదా అని అలవాటు వెంటనే పోదు. అందుకే ఫిర్యాదు ఇచ్చేవాళ్లకు ఈ విషయం తెలిసి ఉండటం ముఖ్యం.

పోలీసులు వచ్చాక చేసే తొలిపని చాలామంది తల్లిదండ్రులకు అవమానంగా అనిపిస్తుంది. వాళ్లు వీధిలోకి పరుగెత్తరు, ముందు ఆ ఇంట్లోనే వెతుకుతారు. ‘మేం మూడుసార్లు చూశాం సార్’ అన్నా వినరు. అందులో అర్థం ఉంది. పెద్దవాళ్లు తమ ఎత్తులో వెతుకుతారు. పిల్లలు బట్టల గుట్ట కింద, మంచం వెనక సందులో, పాడైన ఫ్రిజ్‌లో, కారు డిక్కీలో దూరి ఉండొచ్చు. అక్కడే నిద్రపోయి ఉండొచ్చు, ఊపిరాడక స్పృహ తప్పి ఉండొచ్చు. తిడతారన్న భయంతో పిలిచినా పలకకపోవచ్చు. ఇల్లంతా అంగుళం అంగుళం చూసి, ఇక్కడ లేదని రూఢి చేసుకున్న తర్వాతే బయటి గాలింపుకు ఒక ఆధారం దొరుకుతుంది.

చొక్కా రంగు గుర్తురాకపోతే

డిటెక్టివ్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, బిడ్డ ఏ బట్టలు వేసుకుందని. చాలామంది ఇక్కడే తడబడతారు. పొద్దున తామే తొడిగిన చొక్కా రంగు గుర్తురాదు. ఏడుపొస్తుంది, ఆ వెంటనే తమ మీద తమకే కోపం వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. రోజూ చేసే పనిని మెదడు విడిగా దాచిపెట్టుకోదు, అన్ని రోజులూ కలిసిపోతాయి. అనుభవం లేని అధికారి అదే ప్రశ్నను ఇంకాస్త గట్టిగా అడుగుతాడు. అనుభవం ఉన్నవాడు దారి మారుస్తాడు.

1980ల మధ్యలో ఎడ్వర్డ్ గైసెల్మన్, రోనాల్డ్ ఫిషర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సాక్షులను ప్రశ్నించడానికి ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. సంఘటన జరిగినప్పటి పరిసరాలను మనసులో మళ్లీ కట్టుకోమనడం, చిన్నదనిపించినా వదలకుండా చెప్పమనడం, వెనకనుంచి ముందుకు చెప్పమనడం, ఇంకొకరి చోటునుంచి చూసినట్టు చెప్పమనడం అందులోని ముఖ్యమైన అడుగులు. మధ్యలో అడ్డు తగలకూడదు. చెప్పేవాళ్లు ఆగితే ఆగనివ్వాలి.

అది ఆచరణలో ఇలా ఉంటుంది. ‘బట్టల సంగతి తర్వాత చూద్దాం అమ్మా. పొద్దున బాబును లేపింది మీరేనా? అప్పుడు గదిలో లైటు వేసి ఉందా? లేచాక ముందు ఏమన్నాడు?’ తల్లి కళ్లు మూసుకుంటుంది. కాసేపటికి, ‘చొక్కా వేయించుకోనని పేచీ పెట్టాడు. మెడ దగ్గర గుచ్చుకుంటోందన్నాడు. నిన్న బొత్తాం ఊడిపోతే నేనే కుట్టాను, తెల్లదారం దొరక్క నల్లదారంతో’ అంటుంది. రంగు ఇంకా రాలేదు. అయినా ఆ మాటతో డిటెక్టివ్‌కు రంగుకన్నా గట్టి ఆనవాలు దొరికింది. అలాంటి రంగు చొక్కాలు ఊరంతా ఉంటాయి, మెడ దగ్గర నల్లదారంతో కుట్టిన తెల్ల బొత్తాం మాత్రం ఒక్కదానికే ఉంటుంది. కొద్దిసేపటికి రంగు కూడా దానంతటదే గుర్తొస్తుంది. ఇలా రాబట్టడానికి కావలసింది ఓపిక, కాస్త సమయం. మొదటి గంటల్లో కరువయ్యేవి ఆ రెండే. అందుకే ఒక అధికారి పూర్తిగా తల్లిదండ్రుల దగ్గరే కూర్చుని, మిగతావాళ్లు బయట తిరగడం మంచి పద్ధతి.

ఫొటో విషయంలో కూడా ఇదే. ఇంట్లోవాళ్లు ఆల్బమ్‌లోంచి అందరికన్నా అందంగా వచ్చిన ఫొటో తీసిస్తారు. స్టూడియోలో తీసింది, కొత్తబట్టలతో, బొట్టూ కాటుకలతో. దారిన పోయే మనిషికి అది పనికిరాదు. బిడ్డ నిన్నటిదాకా ఎలా ఉందో ఆ ఫొటో కావాలి. ముందుపళ్లు ఊడి ఉంటే ఊడినట్టే, జుట్టు చెదిరి ఉంటే చెదిరినట్టే ఉన్నది. ఆ తేడా ఏ ఫొటోలో ఉందో చెప్పగలిగింది తల్లిదండ్రులే.

బిడ్డ గదిని కూడా అలాగే ఉంచాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. తిరిగొచ్చేసరికి శుభ్రంగా ఉండాలని కొందరు తల్లులు ఆ రాత్రే పక్క దులిపి, దుప్పటి ఉతికేస్తారు. ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే ప్రాణం నిలవదు కనుక చేస్తారు. అయితే వాసన పట్టే కుక్కలకు కావలసింది ఉతకని దిండుగలీబు, విప్పేసిన బనియను. డీఎన్ఏ కోసం కావలసింది బిడ్డ వాడిన బ్రష్షు, దువ్వెన. వాటిని ఎవరూ తాకకుండా శుభ్రమైన కాగితపు సంచిలో పెట్టాలి. ‘ఏమీ ముట్టుకోవద్దు’ అని ఒక్క మాట అనేసి ఊరుకోకుండా, ఎందుకు ముట్టుకోవద్దో రెండు నిమిషాలు చెబితే ఆ తల్లి ఆ గది తలుపు దగ్గర కాపలా కూర్చుంటుంది.

ఫోన్లు, ఆటల యాప్‌లలో చాటింగులు, సీసీ కెమెరాల ఫుటేజీ, ఇవన్నీ ఈనాటి కేసుల్లో తప్పనిసరి. అందులో టైమ్ విలువ ఒక్కటి గుర్తుంటే చాలు. చాలా కెమెరాల్లో కొద్దిరోజులు పోతే పాతది చెరిగిపోయి దాని మీదే కొత్తది రికార్డవుతుంది.

పిలిచినా పలకని పిల్లలు

2005 జూన్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో పదకొండేళ్ల స్కౌట్ బాలుడొకడు యువింటా పర్వతాల్లో తప్పిపోయాడు. వందలమంది వాలంటీర్లు నాలుగు రోజులు గాలించారు. చివరికి ప్రాణాలతో దొరికాడు. తర్వాత అతను చెప్పింది విని అందరూ నిర్ఘాంతపోయారు. ఆ నాలుగు రోజుల్లో వెతికేవాళ్లు అతనికి కనబడ్డారు. అతనే పక్కకు తప్పుకుని దాక్కున్నాడు. కొత్తవాళ్లతో మాట్లాడొద్దని ఇంట్లో నేర్పారు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని భయపడ్డాడు. తప్పిపోతే దారి విడిచి వెళ్లొద్దని కూడా నేర్పారు, కాబట్టి దారిని వదల్లేదు. ఇంట్లో చెప్పిన రెండు మాటలనూ ఆ పిల్లాడు అక్షరాలా పాటించాడు.

తల్లిదండ్రులకు, వెతికేవాళ్లకు మధ్య సమాచారం ఎంత విలువైందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం దొరకదు. కొత్తవాళ్లంటే బిడ్డకు ఎంత భయమో, ఏ మాటంటే నమ్ముతాడో, ఇంట్లో ఏ ముద్దుపేరుతో పిలుస్తారో గాలించే ప్రతి బృందానికీ తెలిసి ఉండాలి. రికార్డుల్లోని పూర్తి పేరు పెట్టి మైకులో అరిస్తే నాలుగేళ్ల బిడ్డ అది తన పేరే అనుకోకపోవచ్చు. చిన్నపిల్లలు తప్పిపోయామని గ్రహించగానే ఏదో ఒక మూల ఒదిగిపోయి నిద్రపోవడం, పిలుపుకు జవాబివ్వకపోవడం గాలింపు బృందాలకు బాగా తెలిసిన సంగతి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందిని నీళ్లు ఆకర్షిస్తాయి. అలాంటి బిడ్డ తప్పిపోతే మిగతావన్నీ ఆపి ముందు చెరువు, కాలువ, ఈతకొలను చూడమని నిపుణులు చెబుతారు. బిడ్డకు ఆటిజం ఉందన్న ఒక్క మాట ఫిర్యాదులో రాయడం మరిచిపోతే, లేదా మొహమాటపడి చెప్పకపోతే, గాలింపు తప్పు దిక్కుకు వెళ్లిపోతుంది.

1981లో కాలిఫోర్నియాలోని పాలోమర్ కొండ మీద తొమ్మిదేళ్ల బాలుడు తప్పిపోయి, గాలింపు బృందాలు చేరేలోపు చలికి చనిపోయాడు. ఆ గాలింపులో ఉన్న ఆబ్ టేలర్ అనే అడుగుజాడల నిపుణుడు ఆ తర్వాత మరికొందరితో కలిసి పిల్లలకు నేర్పే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టాడు. తప్పిపోయామనిపిస్తే ఒక చెట్టును పట్టుకుని అక్కడే ఉండిపోవాలి, కదలకూడదు అన్నది దాని సారం. తల్లిదండ్రులకు కూడా అందులో ఒక చిన్న పని ఉంది. మడతపెట్టిన తువ్వాలు మీద అల్యూమినియం రేకు కాగితం పరిచి, చెప్పులు లేదా బూట్లు వేసుకున్న బిడ్డను దానిమీద నిలబెట్టాలి. పాదరక్షల అడుగు అచ్చు అందులో పడుతుంది. పేరు రాసి దాచుకోవాలి. వెతకాల్సి వస్తే వందల అడుగుజాడల్లో ఏది ఈ బిడ్డదో ఆ రేకు చెబుతుంది.

అనుమానం అనే ఇబ్బంది

ఈ ఇద్దరి మధ్య అన్నిటికన్నా బరువైన విషయం అనుమానం. డిటెక్టివ్ మొదట చూసేది ఇంట్లోవాళ్లనే. పిల్లలకు హాని జరిగిన కేసుల్లో తెలిసినవాళ్ల చెయ్యి ఉండటం తరచుగా కనిపిస్తుంది కనుక అలా చూడక తప్పదు. కానీ బిడ్డ కోసం గుండె పగిలిన మనిషిని ‘నిన్న రాత్రి మీరు ఎక్కడున్నారు’ అని అడగడం ఎలా ఉంటుందో ఊహించడం కూడా కష్టం.

1991 జూన్‌లో కాలిఫోర్నియాలోని సౌత్ లేక్ టాహో దగ్గర పదకొండేళ్ల జేసీ డుగార్డ్‌ను బస్‌స్టాప్‌కు నడిచి వెళ్తుండగా కారులో ఎత్తుకెళ్లారు. ఇంటి ముందు నిలబడి ఆమె సవతి తండ్రి కళ్లారా చూశాడు. సైకిలెక్కి కారు వెంట పడ్డాడు, అందుకోలేకపోయాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన మీద అనుమానం వీడలేదు. సంసారం విచ్ఛిన్నమైంది. 2009లో ఆమె ప్రాణాలతో బయటపడింది. పద్దెనిమిదేళ్లు ఆమెను దాచిన మనిషి పెరోల్ మీద ఉన్న పాత లైంగిక నేరస్తుడు. పెరోల్ అధికారులు ఆ ఇంటికి ఎన్నోసార్లు వచ్చి వెళ్లారు. 2006లో పెరట్లో గుడారాల్లో పిల్లలున్నారని ఫిర్యాదు వస్తే, వచ్చిన అధికారి వీధి గుమ్మం దగ్గర మాట్లాడి వెనక్కి వెళ్లిపోయాడు. పెరట్లోకి తొంగి చూడలేదు. కూతురి కోసం సైకిల్ మీద పరుగెత్తిన మనిషి మీద ఏళ్ల తరబడి నిలిచిన అనుమానం ఆ పెరటి దాకా వెళ్లలేదు.

దీనికి భిన్నమైన తీరు ఒకటి ఉంది. 1993 అక్టోబరులో కాలిఫోర్నియాలోని పెటాలుమాలో పన్నెండేళ్ల పాలీ క్లాస్‌ను సొంత ఇంట్లోంచి ఎత్తుకెళ్లారు. ఆమె తండ్రి మార్క్ క్లాస్ పోలీసులకు పూర్తిగా సహకరించి లై డిటెక్టర్ పరీక్ష కూడా చేయించుకున్నాడు. ముందు నన్ను తేల్చేయండి, ఆ తర్వాత మీ దృష్టి బయటికి పెట్టండి అన్నది ఆయన ఆలోచన. ఇతర తల్లిదండ్రులకు కూడా తర్వాత ఆయన ఇదే చెబుతూ వచ్చాడు. లై డిటెక్టర్‌ను ఎంతవరకు నమ్మాలన్నది వేరే చర్చ, ఆ యంత్రం మీద శాస్త్రవేత్తలకు చాలా అభ్యంతరాలున్నాయి. ఇక్కడ విలువైంది యంత్రం కాదు, ఆ తండ్రి ఎంచుకున్న క్రమం. అనుమానాన్ని దాచిపెట్టి నెలల తరబడి నాన్చే బదులు, ‘ఇది ప్రతి కేసులోనూ చేస్తాం, మీ మాటలు సరిపోల్చుకోవడం రేపటికల్లా పూర్తవుతుంది, ఈలోపు గాలింపు ఆగదు’ అని డిటెక్టివ్ మొదటిరోజే చెప్పగలిగితే, ఇద్దరూ శత్రువులు కాకుండా ఉంటారు. అనుమానించడం తప్పు కాదు. అది తేలేదాకా మిగతా దారులన్నీ మూసేయడం తప్పు.

తండ్రే డిటెక్టివ్ అయితే

అలాగని పగ్గాలు తల్లిదండ్రుల చేతికిస్తే బాగుపడుతుందా? 1932 మార్చి 1న అమెరికాలోని న్యూజెర్సీలో ప్రసిద్ధ పైలట్ చార్లెస్ లిండ్‌బర్గ్ ఇరవై నెలల కొడుకును ఇంటి పై అంతస్తు గదిలోంచి ఎత్తుకెళ్లారు. ఆయన దేశమంతటికీ హీరో. ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రాష్ట్ర పోలీసు అధిపతి ఉన్నా, దర్యాప్తు నడిచింది లిండ్‌బర్గ్ చెప్పినట్టే. ఇంటి చుట్టూ జనం తిరిగి ఆనవాళ్లు చెరిపేశారు. కిడ్నాపర్లతో బేరం మధ్యవర్తుల ద్వారా సాగింది. ఇచ్చే నోట్ల నంబర్లు రాసి పెట్టుకోవడానికి కూడా ఆయన మొదట ఇష్టపడలేదు. మాట తప్పామని వాళ్లు బిడ్డకు హాని చేస్తారేమోనని భయపడ్డాడు. పన్నుల శాఖ అధికారి ఎల్మర్ ఐరీ పట్టుబట్టి నంబర్లు రాయించాడు. 50,000 డాలర్లు చెల్లించారు. బిడ్డ రాలేదు. మే 12న ఇంటికి సుమారు ఏడు కిలోమీటర్ల దూరంలోనే మృతదేహం దొరికింది. ఆ సమయానికి తండ్రి ఒక మోసగాడి మాట నమ్మి సముద్రం మీద పడవలో వెతుకుతున్నాడు. రెండున్నరేళ్ల తర్వాత నిందితుడు దొరికింది ఆ నోట్ల వల్లనే. ఒక పెట్రోల్ బంకులో పనిచేసే మనిషి అనుమానపడి నోటు మీద కారు నంబరు రాసిపెట్టాడు.

తండ్రికి బిడ్డను వెనక్కి తెచ్చుకోవడం తప్ప ఇంకేదీ కనిపించదు, అలాగే ఉండాలి కూడా. ఆ భయమే ఆయన్ను ప్రతి మాటా నమ్మేలా చేసింది. నమ్మకపోవడం, సరిచూడటం, రుజువు దాచిపెట్టడం డిటెక్టివ్ పని. ఐరీ లేకపోతే ఆ కేసు ఎప్పటికీ తేలేది కాదేమో. తల్లిదండ్రులను బయట ఉంచితే బెల్జియంలో జరిగినట్టు జరుగుతుంది, వాళ్లకే మొత్తం అప్పగిస్తే న్యూజెర్సీలో జరిగినట్టు జరుగుతుంది.

ఇద్దరూ ఎవరి పని వాళ్లు చేసినా, పోలీసుల్లోపలే మాట ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. పెటాలుమా కేసులోనే, కిడ్నాప్ జరిగిన రాత్రి అక్కడికి కొంతదూరంలో నిందితుడి కారు గుంటలో ఇరుక్కుంది. వేరొకరి ఫిర్యాదు మీద వచ్చిన ఇద్దరు పోలీసులు అతనితో మాట్లాడి, కారు బయటికి తీయించి పంపేశారు. అప్పటికే కిడ్నాప్ హెచ్చరిక రేడియోలో వెళ్లింది. కానీ వాళ్లు వింటున్న చానల్‌లో రాలేదు. రెండు నెలల తర్వాత ఆ బాలిక మృతదేహం దొరికింది.

బెల్జియంలో 1996 అక్టోబరు 20న బ్రస్సెల్స్ వీధుల్లో తెల్లబట్టలు, తెల్లబెలూన్లతో సుమారు మూడు లక్షలమంది నడిచారు. ముందు వరసలో పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. పార్లమెంటరీ కమిషన్ విచారణలో, జాందార్మరీ అనే జాతీయ పోలీసు దళం తన దగ్గరున్న సమాచారాన్ని దర్యాప్తు మెజిస్ట్రేటుకు పూర్తిగా ఇవ్వలేదని బయటపడింది. ఆ తర్వాత పోలీసు దళాలను ఒకే వ్యవస్థగా కలిపేశారు. 1998లో వచ్చిన చట్టం, దర్యాప్తు ఫైలు చూడటానికి అనుమతి కోరే హక్కును బాధితుల కుటుంబాలకు ఇచ్చింది. అదే ఏడాది, చనిపోయిన ఇద్దరు బాలికల్లో ఒకరి తండ్రి చొరవతో తప్పిపోయిన పిల్లల కోసం చైల్డ్ ఫోకస్ అనే సంస్థ ఏర్పడింది. ఈ మార్పులన్నీ ఆ అధికారి మెట్లెక్కి వెళ్లిపోయిన రోజు తర్వాత రెండేళ్లు దాటితే గానీ రాలేదు.

ఏళ్లు గడిచాక

కొన్ని కేసులు గంటల్లో తేలవు, రోజుల్లో తేలవు. డిటెక్టివ్ బదిలీ అవుతాడు, రిటైరవుతాడు. ఫైలు ఇంకొకరి బల్ల మీదికి వెళ్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటినుంచి మళ్లీ చెప్పుకోవాల్సింది తల్లిదండ్రులే. చనిపోయారని ఏడవడానికి లేదు, బతికున్నారని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ఈ స్థితికి అమెరికన్ పరిశోధకురాలు పాలిన్ బాస్ ‘అస్పష్టమైన నష్టం’ అని పేరు పెట్టింది. ఇలాంటి ఇంటికి అధికారి నెలకోసారి ఫోన్ చేసి ‘కొత్త సంగతేమీ లేదమ్మా, ఫైలు మాత్రం మూయలేదు’ అని చెప్పినా అది పెద్ద సాయమే. చెప్పడానికేమీ లేదని ఫోన్ చేయడం మానేస్తే, అక్కడ బిడ్డను మరిచిపోయారనే అర్థం చేసుకుంటారు.

చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో 1997లో ఇంటి ముందు ఆడుకుంటున్న రెండేళ్ల కొడుకును ఎత్తుకెళ్తే, ఒక తండ్రి ఆ పిల్లాడి ఫొటో ముద్రించిన జెండాను మోటార్‌సైకిల్‌కు కట్టుకుని దేశమంతా తిరిగాడు. 24 ఏళ్లలో దాదాపు ఐదు లక్షల కిలోమీటర్లు తిరిగాడని, పది మోటార్‌సైకిళ్లు అరిగిపోయాయని అక్కడి పత్రికలు రాశాయి. దారిలో కలిసిన ఇతర కుటుంబాలకు పిల్లలు దొరకడానికి సాయపడ్డాడు. తన కొడుకు మాత్రం 2021లో దొరికాడు, పోలీసులు సరిపోల్చిన డీఎన్ఏ ద్వారా. 2009లో చైనా ప్రభుత్వం తప్పిపోయిన పిల్లల కోసం డీఎన్ఏ డేటాబేస్ పెట్టింది. తండ్రి రక్త నమూనా ఒకవైపు, ఎదిగిన కొడుకు నమూనా ఇంకోవైపు ఉంటే తప్ప ఆ డేటాబేస్ పనిచేయదు. ఐదు లక్షల కిలోమీటర్లు వృథా అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. అయితే ఆయన తిరిగిన దారులన్నిటికన్నా ఆయనిచ్చిన రక్తం చుక్కే చివరికి గమ్యం చేరింది.

బిడ్డ వైపునుంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 1986లో ఐదేళ్ల సరూ అనే బాలుడు మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ స్టేషన్లో ఖాళీ రైలెక్కి నిద్రపోయి కోల్‌కతాలో తేలాడు. తన ఊరి పేరు ‘గినెస్ట్‌లే’ అని చెప్పాడు. అలాంటి ఊరు ఏ రికార్డులోనూ లేదు. అతను చెప్పింది ఖాండ్వా పట్టణంలోని గణేశ్ తలాయ్ అనే పేట పేరు. పసినోటికి అలా పలికింది. అతని సొంత పేరు షేరు కూడా అలాగే సరూ అయిపోయింది. అతన్ని ఆస్ట్రేలియా దంపతులు పెంచుకున్నారు. పెద్దయ్యాక 2011లో శాటిలైట్ చిత్రాల్లో, గుర్తున్న స్టేషన్ దగ్గరి నీళ్ల ట్యాంకు, వంతెనల ఆధారంగా ఊరు పట్టుకున్నాడు. 2012లో వెళ్లేసరికి తల్లి అదే పరిసరాల్లో ఉంది. తిరిగొస్తే తనను వెతుక్కోవడానికి వీలుగా ఆ చోటు వదిలి వెళ్లలేదు. కోల్‌కతాలో ఆ మాట విన్నవాళ్లలో ఎవరికైనా ఆ యాస, ఆ పేట పేరు తెలిసి ఉంటే పాతికేళ్లు పట్టేది కాదు.

1984లో అమెరికాలో ఏర్పడిన తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రంలో, పిల్లల పాత ఫొటోలను వయసుకు తగ్గట్టు మార్చే చిత్రకారులు ఉన్నారు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు రెండేళ్లకోసారి, ఆపైన ఐదేళ్లకోసారి కొత్త బొమ్మ తయారుచేస్తారు. ఆ పని మొదలుపెట్టేముందు వాళ్లు తల్లిదండ్రులను ఒకటి అడుగుతారు. బిడ్డకు ఇప్పుడు ఏ వయసు వచ్చి ఉంటుందో, ఆ వయసులో మీరు దిగిన ఫొటోలు కావాలని. నాలుగేళ్లప్పుడు తప్పిపోయిన పాపకు ఇప్పుడు పన్నెండేళ్లు నిండి ఉంటే, తల్లి తను పన్నెండేళ్లప్పుడు స్కూల్లో దిగిన ఫొటో వెతికి ఇస్తుంది. చిత్రకారుడు ఆ దవడను, ఆ కనుబొమలను, పళ్ల వరసను చూసి నాలుగేళ్ల ముఖాన్ని నెమ్మదిగా పెంచుతాడు. కొద్దిరోజులకు కేసు చూస్తున్న అధికారి ఆ బొమ్మను తీసుకుని ఆ ఇంటికి వస్తాడు. బల్ల మీద పెట్టి, ‘చూడండమ్మా, ఎక్కడైనా తేడా అనిపిస్తే చెప్పండి’ అంటాడు.

తల్లి చాలాసేపు చూసి, ‘చెవులు ఇలా కాదు సార్. చెవులు వాళ్ల నాన్నవి’ అంటుంది. అధికారి అది రాసుకుంటాడు.